ఫోర్క్‌లిఫ్ట్ కొనే ముందు ఒక్కసారి ఆలోచిద్దాం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, గోడౌన్‌కు ఫోర్క్‌లిఫ్ట్ కొనుగోలు అంశం చర్చకు వచ్చినప్పుడు ఒక గ్రామ సంఘం ప్రతినిధి చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నేను మైకు ముందు ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. అప్పు కంతుల గురించో, బ్యాంకు లింకేజీ గురించో అయితే మా ఊరి లీడరు మాట్లాడుతుంది, నేను వింటాను. కానీ ఈ పూట ఎజెండాలో ఏడో అంశం చూశాక ఊరుకుని కూర్చోలేకపోయాను. మన గోడౌన్‌కి సెకండ్ హ్యాండ్ ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి కొనాలని తీర్మానం పెట్టారు. దాని మీద నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను.

ముందే ఒక సంగతి చెప్తాను. నేను బండి వద్దనడానికి రాలేదు. రొయ్యల మేత బస్తా ఒక్కోటి పాతిక కేజీలు. లారీ వచ్చిన రోజు మన ఆడవాళ్లు ఆ బస్తాలు దించి, మోసి, పేర్చి, సాయంత్రానికి నడుం పట్టుకుని ఇంటికి వెళ్తున్నారు. ఆ బరువు మెషిను మోస్తే మంచిదే. నేను అడిగేది ఒక్కటే. మనం రాసుకున్న ఖర్చు పట్టీలో బండి ధర ఉంది, తెచ్చే కిరాయి ఉంది, డీజిల్ ఉంది, డ్రైవరు జీతం ఉంది. ఆ బండి చుట్టూ తిరిగే పదహారు మంది ఆడవాళ్ల కోసం ఒక్క గీత కూడా లేదు. ఆ గీత ఎందుకు కావాలో నా కాలు చెప్తుంది.

మీలో చాలామందికి నేను కుంటుతానని తెలుసు. ఎందుకు కుంటుతానో తెలీదు. బాత్రూములో జారిపడ్డానని అనుకుంటున్నారు. నేనే అలా చెప్పాను. ఇవాళ నిజం చెప్తాను.

నేను తొమ్మిదేళ్లు ఒక రొయ్యల ప్లాంటులో పనిచేశాను. మొదట తలలు తీసే దగ్గర, తర్వాత ప్యాకింగులో. మా మండలం నుంచి వెళ్లేవాళ్లకి ఆ పని తెలుసు. కాళ్లకి గమ్‌బూట్లు, ఒంటికి ఏప్రాను, చెవులు కప్పేసేలా తలకి క్యాపు, మూతికి మాస్కు. ప్యాకింగు అయిన డబ్బాలు కోల్డ్ స్టోరేజీకి వెళ్తాయి. అక్కడ మైనస్ 18 డిగ్రీలు. కంటైనరు వచ్చినప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ లోపల్నుంచి ప్యాలెట్లు తెచ్చి పెడుతుంది, మేము లెక్క చూసి స్టిక్కర్లు సరిచూసేవాళ్లం.

ఆ రోజు రాత్రి షిఫ్టు. లోపలి చల్లగాలి బయటి వేడిగాలికి తగిలి తలుపు దగ్గర పొగమంచులా పట్టేసింది. కింద నేల తడి. నేను చేతిలో అట్ట పట్టుకుని బండి పక్కనే, కుడి వైపున, వెనక చక్రానికి దగ్గరగా నడుస్తున్నాను. బండి ఎడమ వైపుకి తిరిగింది. నేను కుడి వైపున ఉన్నాను కదా, నాకేం భయం అనుకున్నాను. ముందు భాగం అటు తిరగగానే వెనక భాగం ఇటు విసురుగా వచ్చింది. నా కాలు చక్రానికీ స్తంభానికీ మధ్య పడింది. హారన్ కొట్టాడట. చెవుల మీద క్యాపు, పక్కన కంప్రెసర్ల మోత. నాకేమీ వినపడలేదు.

చీలమండ ఎముక రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది వాళ్లే. ఆటోలోనే సూపర్‌వైజరు గారు మెల్లగా చెప్పారు. "అమ్మా, ఇంటి దగ్గర బాత్రూములో పడ్డానని చెప్పు, మందుల ఖర్చు మేము చూసుకుంటాం, లేకపోతే ఆ డ్రైవరు కుర్రాడి ఉద్యోగం పోతుంది" అని. నొప్పిలో ఉన్నాను. ఆ కుర్రాడు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. సరే అన్నాను. వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాను.

మందుల ఖర్చు మొదటి వారం ఇచ్చారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. నాలుగు నెలలు పని లేదు. మా సంఘం అంతర్గత అప్పు ఇవ్వబట్టి ఆపరేషను అయింది, పాప ఇంటరు ఫీజు కట్టాను. ఆ అప్పు ఇరవై కంతుల్లో తీర్చాను. నా సంతకమే నా నోరు కట్టేసింది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అంతకుముందు లారీ క్లీనరు. రెండు రోజులు పాత డ్రైవరు పక్కన నిలబడి చూశాడు, మూడో రోజు తాళం ఇచ్చేశారు. మనుషులు ఎక్కడ నడవాలో, బండి ఎక్కడ నడవాలో నేల మీద ఒక్క గీత కూడా లేదు. తప్పు అక్కడ ఉంది.

అందుకే కాలు నయమయ్యాక ఈ బండి గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు పనిచేస్తున్న చోట భద్రత శిక్షణ ఇచ్చారు, అందులో ముందు వరసలో కూర్చున్నాను. నాకు అర్థమైంది మన భాషలో చెప్తాను.

మొదటిది. మన కారు, ఆటో ముందు చక్రాలతో తిరుగుతాయి. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది. అందుకని అది మలుపు తీసుకునేటప్పుడు వెనక భాగం ఎదురు దిక్కుకి ఊడుస్తుంది. మనం పక్కన నిలబడి ముందువైపు చూస్తుంటాం. దెబ్బ వెనక నుంచి వస్తుంది. కదిలే బండి పక్కన నడవకూడదు, బండికీ గోడకీ మధ్య అసలే నిలబడకూడదు.

రెండోది బరువు. మూడు టన్నులు ఎత్తే బండి తన సొంత బరువే నాలుగు టన్నులు దాటుతుంది. ముందు బరువు ఎత్తితే వెనక లేవకుండా ఉండటానికి వెనకాల పెద్ద ఇనప దిమ్మ ఉంటుంది. కావడి లాంటిదే లెక్క. ముందు ఎక్కువైతే వెనక చక్రాలు లేస్తాయి. ఆ చక్రాలు లేస్తే తిప్పడానికి స్టీరింగు పనిచేయదు.

బండి మీద ఒక రేకు బిగించి ఉంటుంది, ఎంత బరువు ఎత్తవచ్చో దాని మీద రాసి ఉంటుంది. అది చదవాలి. అక్కడ కేజీలతో పాటు ఇంకో అంకె ఉంటుంది, చాలా బండ్లకి 500 మిల్లీమీటర్లు. బరువు నడిమి భాగం ఫోర్కుల మొదలు నుంచి అంత దూరంలో ఉన్నప్పుడే ఆ కేజీల లెక్క అని అర్థం. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే కిలోమీటరు నడుస్తాం. అదే బిందె చేతులు ముందుకు చాచి పట్టుకోమంటే పది అడుగులు వేయలేం. బిందె బరువు మారలేదు, దూరం మారింది. ఫోర్కుల చివర బరువు పెట్టినా అంతే. ప్యాలెట్‌ని ఫోర్కుల మొదలుకి ఆనించి ఎత్తాలి. మన మేత బస్తాలు నలభై పేరిస్తే ఒక టన్ను. ఒక ప్యాలెట్ మీద ఎన్ని పేర్చాలో గోడ మీద రాసిపెట్టాలి. రాసి ఉంటే "ఇంకో రెండు వెయ్" అనే మాట రాదు.

ఇంకోటి. ఆ బండి నాలుగు చక్రాల మీద ఉన్నట్టు కనపడుతుంది కానీ, దాని నిలకడ మూడు కాళ్ల పీట లాంటిది. ముందు రెండు చక్రాలు రెండు కాళ్లు, వెనక ఇరుసు మధ్యభాగం మూడో కాలు. బరువు పైకెత్తి మలుపు తిప్పితే పక్కకి ఒరిగిపోతుంది. ఖాళీ బండి అయినా జోరుగా తిప్పితే ఒరుగుతుంది. అందుకే నడిచేటప్పుడు ఫోర్కులు నేల నుంచి 15, 20 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండాలి. అంటే జానెడు కంటే తక్కువ. మాస్ట్ కొంచెం వెనక్కి వాల్చాలి. బరువు ఎదుటి చూపుని మూసేస్తే రివర్సులో నడపాలి. మన గోడౌన్ వాకిట్లో ర్యాంపు ఉంది. బరువుతో ఉన్నప్పుడు ఆ బరువు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. ఎక్కేటప్పుడు ముందుకి, దిగేటప్పుడు రివర్సులో. ర్యాంపు మీద మలుపు తిప్పకూడదు.

బండి ఒరిగితే డ్రైవరు ఏం చేస్తాడు? భయంతో బయటికి దూకుతాడు. అదే ప్రాణం మీదికి తెస్తుంది, దూకిన మనిషి మీదే పైకప్పు చట్రం పడుతుంది. సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాళ్లు బిగించి, ఒరిగే వైపుకి ఎదురు వైపుకి వాలాలి. బెల్టు లేని బండి అయితే మనం కొనకూడదు.

ఇక బండికి ఏమేం ఉండాలో చెప్తాను. డ్రైవరు తల మీద చట్రం, బరువు వెనక్కి జారి మీద పడకుండా ముందు వైపు కంచె, సీటు బెల్టు, హారన్, రివర్సు తీసేటప్పుడు మోగే అలారం, ముందు వెనక లైట్లు, అద్దాలు, హ్యాండ్ బ్రేకు, బరువు రాసిన రేకు. కొన్ని బండ్లకి ముందు వెనక నేల మీద నీలం లైటు పడే ఏర్పాటు ఉంటుంది. బండి మలుపు దాటకముందే లైటు కనపడుతుంది. నా లాగా చెవులు మూసుకుని పనిచేసేవాళ్లకి హారన్ కంటే అదే మేలు. సెకండ్ హ్యాండ్ బండిలో ముందుగా పోయేవి ఇవే. కనుక కొనే ముందు ఒక మెకానిక్‌ని తీసుకెళ్లి చైన్లు, ఫోర్కుల పగుళ్లు, హైడ్రాలిక్ ఆయిల్ కారడం, బ్రేకు, టైర్లు చూపించి, కాగితం మీద రాయించుకుందాం. అమ్మేవాడు కొత్త రంగు వేసి చూపిస్తాడు. రంగు చూసి మోసపోవద్దు.

డీజిల్ బండి అని రాశారు. మన గోడౌన్‌కి కిటికీలు రెండే. మూసిన చోట డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం వస్తే పనెక్కువై వచ్చిందనుకుంటాం. డీజిల్ బండి అయితే షట్టర్లు రెండూ తెరిచి పెట్టాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాలి. బ్యాటరీ బండి అయితే పొగ ఉండదు, కానీ ఛార్జింగు పెట్టినప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. గాలి ఆడే చోటే ఛార్జింగు పెట్టాలి. దసరాకి బండికి పూజ చేస్తాం, చేయాలి కూడా. హారతి కర్పూరం మాత్రం ఛార్జింగు దగ్గర వెలిగించొద్దు. నిమ్మకాయలు తొక్కించే ముందు బ్రేకు పడుతోందో లేదో చూసుకుందాం.

చోటు సంగతి. నేల మీద పసుపు రంగు గీతలు గీసి మనుషుల దారి, బండి దారి వేరు చేయాలి. తలుపు దగ్గర, మూల మలుపు దగ్గర గుండ్రటి అద్దాలు బిగించాలి. తడి ఉంటే వెంటనే తుడవాలి. లారీలోకి బండి ఎక్కించేటప్పుడు లారీ చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టి, లారీ తాళం మన వాళ్ల దగ్గర పెట్టుకోవాలి. ఫోర్క్‌లిఫ్ట్ లోపల ఉండగా లారీ కదిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఎత్తిన ఫోర్కుల కింద నుంచి ఎవరూ నడవకూడదు, బండి ఆపి ఉన్నా సరే.

ఒక్కటి మాత్రం మన ఆడవాళ్లే జాగ్రత్త పడాలి. స్టాకు లెక్కకి పై వరస అందకపోతే, "ఫోర్కుల మీద నిలబడమ్మా, పైకి ఎత్తుతాను" అంటారు. నా తోటి ప్యాకింగు మనిషిని అలాగే ఎత్తేవారు. నవ్వుతూ ఎక్కేది. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నిచ్చెన కొందాం. ఫోర్కులు బస్తాలకే, మనిషికి కాదు.

మన ఒంటి మీద ఉండేవి. చీర కొంగు, చున్నీ చైన్లలో, చక్రాల్లో చిక్కుతాయి. గోడౌన్‌లో కొంగు దోపుకుని పైన కోటు వేసుకోవాలి. రంగు మెరిసే జాకెట్టు ఉంటే డ్రైవరుకి దూరం నుంచే కనపడతాం. కాళ్లకి ముందు ఇనప టోపీ ఉన్న బూట్లు కావాలి. గమ్‌బూటు నీటిని ఆపుతుంది, చక్రాన్ని ఆపదు. బూట్లు కొనేవాళ్లు మగవాళ్ల సైజులే కొంటారు. మనం కాగితాలు కుక్కి వేసుకుంటాం, నడవలేక విప్పేస్తాం, "ఇచ్చినా వేసుకోరు" అన్న మాట మన మీదే పడుతుంది. ఒక్కొక్కరి పాదం కొలత తీసుకుని కొందాం.

డ్రైవరు విషయం. లారీ లైసెన్సు ఉంది కదా, నడిపేస్తాడు అనుకోవద్దు. వెనక చక్రాలతో తిరిగే బండి వేరు. శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే తాళం ఇవ్వాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకి అసలే ఇవ్వకూడదు. అమెరికాలో అయితే శిక్షణ పొందిన డ్రైవరుని కూడా మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. మనం కూడా అలా పెట్టుకోవచ్చు. డ్రైవరు మగవాడే కావాలని ఎక్కడా లేదు. మన పిల్లల్లో ఇంటరు, ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఇద్దరు అమ్మాయిలకి శిక్షణ ఇప్పిద్దాం.

మనకి సంఘంలో పంచసూత్రాలు ఉన్నాయి. వారం వారం సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. అవి తప్పిన సంఘం ఎలా పడిపోయిందో చూశాం. ఈ బండికి కూడా ఐదు సూత్రాలు పెట్టుకుందాం. ఒకటి, రోజూ తాళం తిప్పేముందు టైర్లు, బ్రేకు, హారన్, చైన్లు, ఆయిల్ చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. రెండు, ఏదైనా పాడైతే బాగయ్యే వరకు బండి కదలకూడదు, లారీ వాకిట్లో ఉన్నా సరే. మూడు, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే నడపాలి, ఇంకెవరూ ఎక్కకూడదు. నాలుగు, పని అయ్యాక ఫోర్కులు నేలకి దించి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసి ఆఫీసులో ఇవ్వాలి. ఐదు, దెబ్బ తగిలినా, తగలబోయి తప్పినా, అదే రోజు పుస్తకంలో ఎక్కాలి.

ఆ ఐదోది నాకు అన్నిటికంటే ముఖ్యం. ప్రమాదం జరిగి మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే అధికారులకి తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే పెట్టారు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఆ హక్కు పోదు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి పనిలో తగిలిన దెబ్బకి వైద్యంతో పాటు, పనికి వెళ్లలేని రోజులకి జీతంలో 90 శాతం వస్తుంది. ఇవన్నీ నాకు రావలసినవే. ఒక్క అబద్ధం సంతకంతో పోగొట్టుకున్నాను. ప్లాంట్లకి వెళ్లే అక్కచెల్లెళ్లందరికీ చెప్తున్నాను. దెబ్బ ఎక్కడ తగిలిందో డాక్టరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చీటీ మీద అదే రాయించండి. ఏమని రాశారో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. డ్రైవరు మీద జాలి ఉంటే మంచిదే, దానికోసం మన పిల్లల నోటి దగ్గర కూడు వదులుకోవద్దు.

ఇప్పుడు మనం యజమానులం అవుతున్నాం. అక్కడ కూలీగా ఉన్నప్పుడు అడిగినవి ఇక్కడ ఇవ్వకపోతే, ఆ సూపర్‌వైజరు గారికీ మనకీ తేడా ఏమిటి? మన గోడౌన్‌లో పనిచేసే పదహారు మందికి ఈఎస్‌ఐ వర్తిస్తుందా అని కార్యాలయంలో అడిగి రాయించుకుందాం. వర్తించకపోతే రేపు ఏదైనా జరిగితే పరిహారం మన సమాఖ్య నెత్తినే పడుతుంది.

డబ్బు సరిపోదని కోశాధికారి గారు అంటారని తెలుసు. నా దగ్గర దానికీ ఒక మాట ఉంది. మన బస్తాలు మనిషి ఎత్తు వరకే పేరుస్తున్నాం. ఈ ఏడాది చేత్తో లాగే ప్యాలెట్ ట్రక్కులు రెండు కొంటే మోత బరువు చాలా వరకు తగ్గుతుంది. వాటి కిందా కాళ్లు పడొచ్చు, బూట్లు వాటికీ కావాలి. కానీ అవి నాలుగు టన్నుల బండ్లు కావు. ఈ లోపు గీతలు గీద్దాం, అద్దాలు పెడదాం, అమ్మాయిలకి శిక్షణ ఇప్పిద్దాం. వచ్చే ఏడాది చేతిలో డబ్బుతో మంచి బండి కొందాం. లేదు, ఇప్పుడే కావాలి అంటే, భద్రత ఖర్చు కూడా కలిపి తీర్మానం మళ్లీ రాయండి. ఆ రెండిటిలో ఏదైనా నేను చెయ్యెత్తుతాను. ఇప్పుడున్న తీర్మానానికి మాత్రం ఎత్తలేను.

ఇంకో చిన్న మాట చెప్పి ముగిస్తాను. నాకు దెబ్బ తగిలిన మూడు నెలలకి ఆ ప్లాంటులో పసుపు గీతలు గీశారని మా ఊరి వాళ్లు చెప్పారు. రంగు డబ్బాకి, బ్రష్షుకి ఎంతవుతుంది? నా కాలు విరిగాక గీశారు. మనం ఎవరి కాలూ విరగకముందే గీద్దాం.